హారంలోని రూపాయిని చదువుదాం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల సుగాలి తండాల్లో అవ్వల పెట్టెల్లో రూపాయల హారాలు ఇంకా ఉన్నాయి. కష్టకాలంలో వాటిని వెండి అంగడికి తీసుకుపోతాం. అక్కడ తూకం వేసి కరిగిస్తారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన మన పూర్వీకులు కాగితం మీద రాసిపెట్టింది తక్కువ. వాళ్ల సంపాదన మాత్రం ఈ నాణేల్లో మిగిలింది. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. అంతకు ముందు చదవడం నేర్చుకోవాలి.

మొదట బొమ్మ, సంవత్సరం చూడాలి. 1835లో కంపెనీ తెచ్చిన రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత తులం. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిలో వెండి సగమే. 1947 రూపాయి పూర్తిగా నికెల్. సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మరాదు. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని అదే సంవత్సరంతో 1874 దాకా ముద్రించారు. 1877 నుంచి 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' వచ్చింది.

తర్వాత అరుగుదల. నాణెం ఎత్తుగా ఉన్నచోట ముందు అరుగుతుంది. విక్టోరియాకు జుట్టు పాయలు, దుస్తుల మీది పూల అల్లిక చూడాలి. ఎడ్వర్డుకు చెవి పైన జుట్టు, గడ్డం. ఐదో జార్జికి కిరీటం, అంగీ మీది ఏనుగు. 1911లో ఆ ఏనుగు పందిలా కనిపిస్తోందని జనం అభ్యంతరం చెప్పారు. 1912లో బొమ్మ సరిచేశారు. అచ్చు సరిగా పడనిచోట కూడా గీతలు మసకగా ఉంటాయి కాని లోహం మెరుపు మిగిలి ఉంటుంది. అరిగినచోట ఆ మెరుపు ఉండదు.

సేకరించేవాళ్లు అసలు చెలామణికాని నాణేన్ని 'అన్‌సర్క్యులేటెడ్' అంటారు. దాని కింద 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్', 'వెరీ ఫైన్', 'ఫైన్', 'గుడ్' అనే మెట్లు. పేరు చూసి మోసపోవద్దు. 'ఫైన్' అంటే బాగా అరిగినదే, 'గుడ్' అంటే బొమ్మ ఆకారం మాత్రమే మిగిలినది.

చిల్లు పడినా, టంకం వేసి కొక్కెం అతికించినా వాళ్ల లెక్కలో ధర పడిపోతుంది. మన లెక్క వేరు. చేతులు మారిన నాణెం రెండు వైపులా అరుగుతుంది. ఒంటికి రాసుకునే వైపు మాత్రమే నున్నబడితే, అది ఎన్నో ఏళ్లు ఒకరి మెడలో ఉందని తెలుస్తుంది. అంగడికి అది లోపం, మనకు అది సాక్ష్యం.

అమ్మక తప్పకపోతే తూకం దగ్గర జాగ్రత్త. నేటి అంగడి తులం పది గ్రాములు. అరగని పది రూపాయలను పది తులాలని లెక్కకడితే పదహారు గ్రాములకు పైగా పోతుంది. చింతపండుతో, బూడిదతో తోమవద్దు. తోమితే వెండి మెరుస్తుంది, సన్నని గీతలు పోతాయి.

1876–78 ధాత కరువులో దక్షిణాది జనం అమ్ముకున్న వెండి నగలు బొంబాయి టంకశాలకు చేరి రూపాయలయ్యాయి. రూపాయలు మళ్లీ తండాల్లో నగలయ్యాయి. ఇప్పుడు మూసలో కరుగుతున్నాయి. ఉపాధ్యాయులు పిల్లల చేత ఒక నోటుపుస్తకం పెట్టించాలి. ఎవరి బొమ్మ, ఏ సంవత్సరం, బరువెంత, ఏ వైపు అరిగింది, ఎవరు ధరించారు అని రాయించాలి. హారం చేజారినా ఆ పుస్తకం తండాలో ఉంటుంది.