యాభై ఎనిమిదో ఏట హాకిన్స్

1962 సెప్టెంబర్ 9న ఒకసారి, 11న మరోసారి నలుగురు వాద్యకారులు న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఒక స్టూడియోకు చేరారు. టెనర్ సాక్సోఫోన్ కోల్‌మన్ హాకిన్స్. పియానో టామీ ఫ్లానగన్, బాస్ మేజర్ హాలీ, డ్రమ్స్ ఎడ్డీ లాక్. ఆ రెండు రోజుల పనే ‘టుడే అండ్ నౌ’ అనే ఎల్పీ రికార్డు. హాకిన్స్ పేరెత్తితే జాజ్ చరిత్రలు సాధారణంగా 1939 దగ్గర ఆగిపోతాయి. ఆయన అసలు గొప్పతనం తెలియాలంటే ఈ రికార్డు దాకా రావాలని నా గట్టి నమ్మకం.

1939 సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. హాకిన్స్ 1904లో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే పియానో, చెల్లో నేర్చి, తొమ్మిదో ఏట సాక్సోఫోన్ పట్టాడు. మన కచేరీల్లో కద్రి గోపాల్‌నాథ్ వాయించిన ఆల్టో కంటే టెనర్ పెద్దది, దాని గొంతు మరింత మంద్రం. 1923లో హాకిన్స్ ఫ్లెచర్ హెండర్సన్ ఆర్కెస్ట్రాలో చేరేనాటికి ఆ వాద్యాన్ని వేదిక మీద నవ్వించడానికి వాడేవాళ్లే ఎక్కువ. దానికి నిండైన, బరువైన నాదం ఇచ్చి, జాజ్‌లో ముందు వరసకు తెచ్చింది ఆయనే. 1934లో యూరప్ వెళ్లి, అయిదేళ్లు అక్కడే వాయించి, 1939 వేసవిలో తిరిగొచ్చాడు. ఆ అక్టోబర్ 11న ‘బాడీ అండ్ సోల్’ రికార్డు చేశాడు.

అందులో పాట వరుసను మొదట్లో కాస్త తాకి వదిలేస్తాడు. ఆ తర్వాత మిగిలిందంతా అప్పటికప్పుడు అల్లినదే. మన విద్వాంసుడికి మనోధర్మం చూపడానికి రాగం ఆధారమైనట్టు, ఆయనకు ఆ పాట కింద నడిచే కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛాల) క్రమం ఆధారం. ఒక్కో కార్డునూ విప్పి, అందులోని స్వరాలతో కొత్త వరుస కడతాడు. నాట్యానికి తప్ప పనికిరాదనుకున్న సంగీతంలో ఇంత ఆలోచన ఉన్న రికార్డును జనం ఎగబడి కొన్నారు.

ఆ ఒక్క పాట పేరు చెప్పుకుని జీవితమంతా గడిపేయొచ్చు. హాకిన్స్ అలా చేయలేదు. 1944లో బీబాప్ అనే కొత్త జాజ్ శైలి కుర్రాళ్లను చూసి పెద్దలు ముఖం చిట్లిస్తుంటే, ఆయన వాళ్లలో ఒకడైన ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీని తన రికార్డింగులోకి పిలిచాడు. పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ స్టూడియోలో తొలిసారి వాయించింది కూడా అదే ఏడాది, హాకిన్స్ బృందంలోనే. మంక్ ఆ మేలు మరచిపోలేదు. 1957లో ‘మంక్స్ మ్యూజిక్’ చేస్తూ హాకిన్స్‌ను పిలిచి, తరవాతి తరం టెనర్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ పక్కన నిలబెట్టాడు.

1962 బృందంలోనూ ఆయన చుట్టూ తన కంటే చిన్నవాళ్లే. ముగ్గురు సహవాద్యకారులూ డెట్రాయిట్‌లో పుట్టినవాళ్లు. ఫ్లానగన్, లాక్ ఇద్దరూ హాకిన్స్ కంటే పాతికేళ్లు చిన్న. ఫ్లానగన్ అప్పటికే మరో టెనర్ వాద్యకారుడు సానీ రోలిన్స్ ‘సాక్సోఫోన్ కొలోసస్’లో, కోల్ట్రేన్ ‘జెయింట్ స్టెప్స్’లో పియానో వాయించి ఉన్నాడు. అంటే హాకిన్స్ తరవాతి తరం ఎటు పోతోందో స్వయంగా వాయించి తెలుసుకున్న మనిషి. ఈ నలుగురూ ఆ ఆగస్టులో న్యూయార్క్ విలేజ్ గేట్ క్లబ్‌లో కలిసి వాయించారు, అదీ రికార్డయింది. కాబట్టి స్టూడియోకు వచ్చేనాటికి ఒకరి అడుగు ఒకరికి తెలుసు.

నలుగురి బృందంలో రెండో ఊదు వాద్యం ఉండదు. ఊపిరి అందకపోయినా, ఆలోచన తడబడినా, అందుకునే ట్రంపెట్ పక్కన లేదు. యాభై ఎనిమిదో ఏడు నడుస్తున్న మనిషికి ఇది చిన్న పరీక్ష కాదు. పైగా 78 ఆర్‌పీఎం రికార్డులో మూడు నిమిషాలకే ముగించాల్సి వచ్చేది. ఎల్పీలో ఆ హద్దు లేదు. ‘పుట్ ఆన్ యువర్ ఓల్డ్ గ్రే బానెట్’ 1909 నాటి పాట, అంటే హాకిన్స్ పసితనం నాటిది. దాన్ని ఇక్కడ పది నిమిషాల దాకా నడిపించారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా అంతా పాడుకున్న ‘డోంట్ సిట్ అండర్ ది ఆపిల్ ట్రీ’ ఉంది. క్విన్సీ జోన్స్ కొత్త రచన ‘క్వింటెసెన్స్’ కూడా ఉంది. పాతపాటల్లో పాతకాలపు బెంగ వినపడదు. వాటిని ఆయన ఆ రోజు రాసిన పాటల్లా విప్పుతాడు.

హాలీ గురించి ఒక మాట. బాస్ మీద కమాను వేసినప్పుడు అదే స్వరాన్ని గొంతుతో కలిపి పాడడం ఆయన ప్రత్యేకత. ఈ అలవాటు తెలియనివాళ్లకు ఐదో వాద్యం ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కాదు.

స్టూడియో రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్‌ది. కళ్ల పరీక్షల వృత్తి చేసుకుంటూ తల్లిదండ్రుల ఇంటి హాల్లో రికార్డింగులు చేసినవాడు, 1959లో ఎత్తయిన చెక్క కప్పుతో ఈ స్టూడియో కట్టి ఆ వృత్తి వదిలేశాడు. హాకిన్స్ నాదాన్ని శ్వాస అంచు కూడా వినపడేంత దగ్గరగా పట్టుకున్నాడు. నిర్మాత ఇంపల్స్ సంస్థకు చెందిన బాబ్ థీల్. అదే స్టూడియోలో, అదే నిర్మాత, అదే నెల 26న డ్యూక్ ఎల్లింగ్టన్‌నూ కోల్ట్రేన్‌నూ కలిపి రికార్డు చేశాడు. ఆ రికార్డు లోకమంతటికీ తెలిసింది, హాకిన్స్‌ది దాని నీడలో పడిపోయింది. ఇది న్యాయం కాదు.

మరుసటేడు సానీ రోలిన్స్ ఆయనతో కలిసి రికార్డు చేశాడు. రోలిన్స్ ఎంత విపరీతంగా వాయించినా హాకిన్స్ బెదరలేదు. ఆ తర్వాతి ఏళ్లు కష్టంగా గడిచాయి. తాగుడు పెరిగింది, తిండి తగ్గింది, గడ్డం పెరిగి గుర్తుపట్టలేనంత మారిపోయాడు. 1966 డిసెంబర్‌లో చేసిన ‘సిరియస్’ కూడా నలుగురి బృందమే. స్టూడియోలో ఆయన చివరి ఆల్బమ్ అది. 1969 మే 19న న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

జాజ్ కొత్తగా వినేవారికి అందరూ ‘బాడీ అండ్ సోల్’ చేతిలో పెడతారు. తప్పకుండా వినండి. అక్కడే ఆగిపోకుండా, ‘టుడే అండ్ నౌ’లోని ‘లవ్ సాంగ్ ఫ్రమ్ అపాచీ’ కూడా ఒకసారి పెట్టుకోండి.