మారిన ప్రణాళికల గుండా వచ్చిన మన తెలుగు బైబిలు



ప్రార్థన కోసం మీరు పంపే విన్నపాల్లో ఒక మాట తరచుగా వినబడుతోంది. "అయ్యగారూ, అంతా సిద్ధం చేసుకున్నాం, చివరిలో ఆగిపోయింది." ఒకరికి వీసా రాలేదు. ఒక ఇంట్లో ప్రధానం జరిగిన తర్వాత పెళ్లి ఆగిపోయింది. మరొకరు కోతకు వచ్చిన పంట మీద పెట్టుకున్న ఆశ రెండు రోజుల వానతో పోయింది. ఆ మాట వెనుక, పైకి అడగలేని ప్రశ్న ఒకటి ఉంది. మేము ప్రార్థించే కదా మొదలుపెట్టాం, మరి దేవుడు ఎందుకు ఆపాడు?

ఈ ప్రశ్నకు ఈరోజు ఒక చరిత్ర చెప్పాలనుకుంటున్నాను. అది మనం ప్రతి ఆదివారం చేత పట్టుకుని గుడికి వచ్చే తెలుగు బైబిలు చరిత్ర.

బెంజమిన్ షుల్జ్ అనే జర్మనీ మిషనరీ 1719లో తమిళ దేశంలోని తరంగంబాడికి వచ్చారు. తర్వాత 1726లో మద్రాసు చేరారు. అక్కడ తెలుగు నేర్చుకుని, 1732 నాటికి బైబిలును తెలుగులోకి తర్జుమా చేశారు. అప్పటికి తెలుగు అక్షరాలతో అచ్చయిన పుస్తకమే లేదు. 1743లో ఆయన జర్మనీకి తిరిగి వెళ్లారు. అక్కడ హాలే పట్టణంలో 1746, 1747లలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించగలిగారు. బైబిలు మాత్రం వ్రాతప్రతిగానే ఉండిపోయింది. 1760లో ఆయన కన్నుమూసే నాటికి ఆ గ్రంథం ఒక్క తెలుగు ఇంటికి కూడా అచ్చు పుస్తకంగా చేరలేదు. అన్ని సంవత్సరాల శ్రమ కాగితాల కట్టగా మిగిలింది.

ఆ తర్వాత సుమారు యాభై ఏళ్లకు, లండన్ మిషన్ వారు పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు సేవకులు 1805లో విశాఖపట్నం చేరారు. భాష నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తలను తెలుగులోకి మార్చే పని మొదలుపెట్టారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మిన ఆనందరాయర్ అనే సహోదరుడు ఈ పనిలో వారికి తోడుగా నిలిచారు. ఇద్దరూ కలిసి చాలాకాలం సేవ చేయాలనే కదా అంత దూరం వచ్చింది! కానీ 1809లో క్రాన్ మరణించారు. 1810లో డెస్ గ్రాంజెస్ కూడా మరణించారు. ఇద్దరూ విశాఖకు వచ్చి అప్పటికి ఐదేళ్లే.

వారు పూర్తి చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. తర్జుమా చేసిన ఆ చేతులు అచ్చు పుస్తకాన్ని పట్టుకోలేదు.

మిగిలిన పని ఎవరు చేయాలి? ఎడ్వర్డ్ ప్రిచెట్ అనే సేవకుణ్ణి లండన్ మిషన్ వారు పంపింది విశాఖకు కాదు, బర్మా దేశంలోని రంగూనుకు. అక్కడ ఆయనతో వెళ్లిన తోటి సేవకుడు చనిపోయాడు. అక్కడ పని సాగే దారి మూసుకుపోయింది. ప్రిచెట్ 1811లో విశాఖపట్నం వచ్చారు. బర్మా కోసం బయలుదేరిన మనిషి తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. ఆయన తర్జుమా చేసిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. రెండేళ్లకే, 1820లో, ఆయన కూడా ప్రభువు సన్నిధికి చేరారు.

ఇది చదువుతుంటే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకున్నాడు, ఆత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్లాలని ప్రయత్నించాడు, అదీ కుదరలేదు. త్రోయకు చేరిన తర్వాతనే మాసిదోనియ పిలుపు వచ్చింది. పౌలు ప్రణాళిక తప్పుడు ఉద్దేశంతో వేసుకున్నది కాదు. సువార్త కోసమే వేసుకున్నాడు. మంచి ప్రణాళిక కూడా మూసుకుపోవచ్చు. మన దారి ఆగిందంటే మనం తప్పక పాపం చేశామని ఎవరైనా అంటే, ఈ అధ్యాయం వారికి చదివి వినిపించండి.

ఇప్పుడు శ్రీరాంపూర్ సంగతి కూడా చూద్దాం. 1812 మార్చి 11 సాయంకాలం ఆ ముద్రణాలయంలో మంటలు లేచాయి. విలియం కేరీ ఆ రాత్రి కలకత్తాలో ఉన్నారు. మరునాడు ఉదయం తోటి సేవకుడు మార్ష్‌మన్ వెళ్లి ఆ కబురు చెప్పారు. కాగితం నిల్వలు, అనేక భాషల అక్షరాలు, ఎన్నో వ్రాతప్రతులు కాలిపోయాయి. వాటిలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణం కూడా ఉంది. కన్నడ క్రొత్త నిబంధన వ్రాతప్రతి ఉంది. ఎంతో కాలంగా కూర్చుతున్న పెద్ద నిఘంటువు ఉంది. మళ్లీ తీసి చూసుకోవడానికి మరో నకలు ఉండే కాలం కాదు అది.

ఆ ఆదివారం కేరీ 46వ కీర్తన 10వ వచనం మీద బోధించారు. అప్పటికే శ్రీరాంపూర్‌లో బూడిదను వెదికే పని మొదలైంది. ముద్రణ యంత్రాలు మంటల నుండి తప్పించుకున్నాయి. అక్షరాలు పోతపోయడానికి కావలసిన ఉక్కు అచ్చులు శిథిలాల కింద దొరికాయి. కరిగి గడ్డకట్టిన సీసాన్ని ఏరి, మళ్లీ అక్షరాలు పోశారు. ఇంగ్లండులోని విశ్వాసులు వార్త విని నష్టానికి సరిపడా కానుకలు పోగుచేశారు. కాలిపోయిన తెలుగు వ్యాకరణాన్ని కేరీ మళ్లీ వ్రాశారు. 1814లో అది అచ్చయింది.

ఆ మంట దేవుడే పెట్టాడని నేను చెప్పను. అలా చెప్పే అధికారం నాకు లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని "అంతా మంచికేనమ్మా" అని తేలికగా అనడం కూడా మనకు తగదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపే యోబుకు ఆదరణ. కానీ ఈ చరిత్రలో నాకు స్పష్టంగా కనబడేది ఒకటుంది. వీరిలో ఎవరి ప్రణాళికా వారు అనుకున్నట్టు పూర్తి కాలేదు. అయినా వాక్యం తెలుగువారి దగ్గరకు వచ్చింది. 1850ల నాటికి పూర్తి తెలుగు బైబిలు అచ్చులో ఉంది. షుల్జ్ మద్రాసులో కలం పట్టిన కాలం నుండి లెక్కిస్తే నూరేళ్లు దాటింది.

ప్రియులారా, నమ్మిక అంటే "నేను అనుకున్నది దేవుడు చివరికి ఇచ్చి తీరుతాడు" అని ధైర్యంగా ఉండడం అనుకుంటాం. క్రాన్‌కు అలాంటి జవాబు ఈ లోకంలో దొరకలేదు. డెస్ గ్రాంజెస్‌కూ దొరకలేదు. వారికి దొరికింది ఆనాటి పని. ఒక వచనం, ఆ తర్వాత మరో వచనం. ఆ పనిని నమ్మకంగా చేసి, మిగిలినది దేవుని చేతిలో విడిచిపెట్టారు. ఒకడు నాటగా మరొకడు నీళ్లు పోశాడని, వృద్ధి కలుగజేసినవాడు దేవుడేనని పౌలు కొరింథీయులకు వ్రాసింది ఇలాంటి వారి గురించే.

నమ్మిక అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కూడా కాదు. శ్రీరాంపూర్ వారు ప్రార్థించారు, బూడిద కూడా జల్లెడ పట్టారు. వీసా రాని తమ్ముడా, ఈ సంవత్సరం నీ చేతిలో ఉన్న పని ఏమిటో చూడు. పెళ్లి ఆగిన ఇంటివారలారా, మీ కుమార్తెను తల దించుకోనివ్వకండి, ఆమెను ముందులాగే గుడికి తీసుకురండి. పంట పోయిన అన్నా, నష్టం ఎంతో పెద్దలతో కూర్చుని లెక్క చూసుకో, ఒంటరిగా మోయవద్దు. సంఘం ఉన్నది అందుకే. దూరంలో ఉన్న విశ్వాసులు ఆనాడు శ్రీరాంపూర్‌ను ఆదుకున్నట్టే, మన మధ్య ఎవరి ఇల్లు కుంగిందో చూసి ఆదుకుందాం.

రేపు ఉదయం బైబిలు తెరిచినప్పుడు, చదవడానికి ముందు ఒక నిమిషం ఆగి దేవునికి స్తోత్రం చెప్పండి. మత్తయి సువార్త మొదటి అధ్యాయం నుండి రోజుకొక అధ్యాయం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. విశాఖలో క్రాన్, డెస్ గ్రాంజెస్ తెలుగులోకి తెచ్చిన సువార్తల్లో అదీ ఒకటి.

ప్రార్థన: తండ్రీ, మా దారులు మూసుకుపోయిన చోట నీవు మాతో ఉన్నావని నమ్ముటకు సహాయం చేయుము. ఈరోజు మాకిచ్చిన పనిని నమ్మకంగా చేయుటకు బలమిమ్ము. మేము చూడలేని ముగింపును నీ చేతికి అప్పగించుచున్నాము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.