తనకు తానే వెలిగే గురి: పిస్టల్ నైట్ సైట్ల ఎంపికలో తెలుసుకోవలసినవి

పిస్టల్ పైభాగాన ముందు ఒక చిన్న మొన, వెనుక నడిమి గాడితో ఒక పలక ఉంటాయి. వీటినే ముందు సైట్, వెనుక సైట్ అంటారు. గాడి మధ్యలో మొన సమంగా నిలిచేలా చూసుకుని గురిపెట్టడమే చేతి తుపాకులన్నింటికీ మూల పద్ధతి. అయితే వెలుతురు తగ్గగానే ఈ రెండు నల్లని లోహపు ముక్కలూ చీకటిలో కలిసిపోతాయి. ఆ లోపాన్ని పూరించడానికి వచ్చినవే నైట్ సైట్లు. బ్యాటరీ అక్కరలేకుండా, ముందుగా వెలుతురు పట్టించవలసిన పని లేకుండా ఇవి ఏళ్ల తరబడి వాటంతట అవే వెలుగుతాయి. అమెరికాలో పోలీసు పిస్టళ్లకూ, ఆత్మరక్షణకోసం ఇళ్లలో ఉంచుకునే పిస్టళ్లకూ వీటిని విరివిగా అమర్చుతున్నారు. జత ధర వంద డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

ఈ వెలుగుకు మూలం ట్రిటియం. ఇది హైడ్రోజన్‌కు చెందిన రేడియోధార్మిక ఐసోటోప్. కేంద్రకంలో ఒక ప్రోటాన్, రెండు న్యూట్రాన్లు ఉంటాయి. బియ్యపు గింజకన్నా చిన్నదైన గాజు గొట్టం లోపలి గోడలకు ఫాస్ఫర్ పూత పూసి, అందులో ట్రిటియం వాయువును నింపి మూసివేస్తారు. ట్రిటియం క్షీణిస్తూ వెలువరించే బీటా కణాలు ఆ పూతను తాకినప్పుడల్లా కాంతి పుడుతుంది. ఈ కణాల శక్తి చాలా తక్కువ. గాలిలో కొద్ది మిల్లీమీటర్లకు మించి పోలేవు, గాజును గానీ చర్మపు పైపొరను గానీ దాటలేవు. గొట్టం పగలనంతవరకు సైట్‌ను పట్టుకున్నవారికి వాటినుంచి ప్రమాదం లేదు.

తనకు తానే వెలిగే వస్తువులన్నీ ఇంత సాధువులు కావు. గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో గడియారపు ముళ్లకూ, సైనిక పరికరాలకూ రేడియం రంగు పూసేవారు. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణపు కర్మాగారంలో కుంచె మొనను పెదవులతో సరిచేసుకుంటూ పనిచేసిన యువతుల దవడ ఎముకలు కుళ్లిపోయాయి, పలువురు మరణించారు. వారు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది. రేడియం అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు కాగా ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. నాటి గడియారాలలో వెలుగునిచ్చే ఫాస్ఫర్ ఎప్పుడో అరిగిపోయినా రేడియం మాత్రం నేటికీ అలాగే ఉంది.

కొనుగోలుకు ముందు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న వేరొకటి ఉంది. నైట్ సైట్ చూపేది తుపాకీ ఎటు తిరిగి ఉందన్నది మాత్రమే. ఎదుట ఉన్నది ఎవరన్నది అది చూపదు. పట్టపగలు ట్రిటియం వెలుగు కంటికి ఆనదు. కటిక చీకటిలో మూడు చుక్కలు చక్కగా కనబడినా, వాటి ఆవల ఉన్న ఆకారం దొంగదో, నీళ్లకోసం లేచిన కన్నబిడ్డదో తెలియదు. టార్చి వేస్తే ఎదుటి మనిషి కనబడతాడు గానీ, వెలుగు నిండిన ఆ నేపథ్యంలో మామూలు నల్ల సైట్ల రూపం కూడా స్పష్టంగానే తెలుస్తుంది. అప్పుడు ట్రిటియం అవసరం పెద్దగా ఉండదు. ఇక మిగిలేది సంధ్యవేళ, వీధిదీపపు మసక వెలుగు, పక్క గది దీపం తలుపు సందులోంచి పడే సమయం. ఎదుటివారిని గుర్తుపట్టగలిగినా చేతిలోని నల్ల సైట్ మాత్రం కనబడని ఆ కొద్దిపాటి వెలుతురులోనే నైట్ సైట్ తన విలువను చూపుతుంది. ఆ వ్యవధి చిన్నదే అయినా నిజమైనది. ఇంటివారినే ఆగంతకులుగా పొరబడి కాల్చిన ఘటనలు అమెరికాలో పదేపదే నమోదవుతున్నాయి. కాబట్టి ఒక్కదానికే డబ్బు చాలే పరిస్థితిలో ముందు మంచి టార్చి, తర్వాతే నైట్ సైట్ అన్న వరుస సబబైనది. దుకాణాల ప్రకటనలు ఈ వరుసను సాధారణంగా చెప్పవు.

పేరు ఒకటే అయినా సరుకు వేరుగా ఉండే సందర్భాలున్నాయి. ఫైబర్ ఆప్టిక్ సైట్లు చుట్టూ ఉన్న వెలుతురును పోగుచేసి మొన వద్ద మెరిపిస్తాయి. పగటివేళ అవి అద్భుతం, చీకటిలో నిరుపయోగం. దీపపు వెలుగును పీల్చుకుని తర్వాత వెలిగే రంగు పూసిన సైట్లు చవక. కానీ వాటి వెలుగు గంటల వ్యవధిలోనే మందగిస్తుంది. రాత్రంతా సొరుగులో ఉన్న తుపాకీపై తెల్లవారుజామున అక్కరకు రాదు. పగలు ఫైబర్, రాత్రి ట్రిటియం పనిచేసేలా రెండింటినీ కలిపినవీ దొరుకుతాయి. ట్రిజికాన్ సంస్థ హెచ్‌డీ శ్రేణి వంటి వాటిలో ట్రిటియం గొట్టం చుట్టూ నారింజ లేదా పసుపు రంగు వలయం ఉంటుంది; పగలు చూపును లాగేది ఆ వలయమే.

రంగుల విషయంలో ఆకుపచ్చదే పైచేయి. చీకటికి అలవాటుపడిన కన్ను 507 నానోమీటర్ల సమీపంలోని నీలి-ఆకుపచ్చ కాంతికి అత్యధికంగా స్పందిస్తుంది. అంతే ట్రిటియంతో వెలిగే నారింజ, ఎరుపు చుక్కలు మసకగా తోస్తాయి. ముందొకటి, వెనుక రెండు ఒకే రంగు చుక్కలున్న అమరికలో ఒక చిక్కు ఉంది. హడావిడిలో ముందు చుక్క రెండింటి నడుమ కాక పక్కన నిలిచినా వరుసలో మూడు చుక్కలే కనబడతాయి, గురి మాత్రం తప్పుతుంది. అందుకే ముందు ఆకుపచ్చ, వెనుక మసకైన పసుపు లేదా నారింజ ఉన్న జతలను, లేదా వెనుక చుక్కలే లేని నల్ల పలకను అనుభవజ్ఞులైన శిక్షకులు చాలామంది ఇష్టపడతారు. చూపు ముందు సైట్ మీదనే నిలవాలి కనుక అన్నింటికన్నా ప్రకాశవంతమైనది అదే కావడం న్యాయం. గొట్టాలు కాల్చేవారి వైపే తెరుచుకుని ఉంటాయి కనుక ఎదుటివారికి ఆ వెలుగు కనబడదు.

ధర, రంగుల కన్నా ముందు చూడవలసింది తయారీ తేదీ. అర్ధాయువు లెక్కన 5 ఏళ్లకు ట్రిటియం 75 శాతం, 10 ఏళ్లకు 57 శాతం, 20 ఏళ్లకు 32 శాతం మిగులుతుంది. ఫాస్ఫర్ కూడా క్రమేణా అరుగుతుంది కనుక వెలుగు ఇంకొంత ముందే తగ్గుతుంది. కంటి స్పందన వెలుగు పరిమాణానికి సరిసమానంగా మారదు కాబట్టి సగం క్షీణించిన సైట్ సగమే వెలుగుతున్నట్టు తోచదు. అయినా పదిహేనేళ్లు దాటిన జత మీద రాత్రివేళ ఆధారపడటం తగదు. గడియారం అమ్మకం నాటినుంచి కాక గాజు గొట్టం మూసిన నాటినుంచే నడుస్తుంది. దుకాణపు అరలో నాలుగేళ్లు పడి ఉన్న జత కొత్తదిగా అమ్ముడైనా నాలుగేళ్ల పాతదే. వాడిన పిస్టల్ కొనేటప్పుడు చీకటి గదిలో పది నిమిషాలు కూర్చుని సైట్లను పరిశీలించడం మంచిది.

అమరికలో ఎత్తు కీలకం. ముందు సైట్ పాతదానికన్నా ఎత్తయితే తూటా కిందికి తగులుతుంది, పొట్టిదైతే పైకి. వెనుక సైట్ విషయంలో దీనికి తలకిందులు. లెక్క సులువే: తూటా తప్పిన ఎత్తును రెండు సైట్ల మధ్య దూరంతో హెచ్చించి, లక్ష్యపు దూరంతో భాగిస్తే మార్చవలసిన ఎత్తు వస్తుంది. గ్లాక్ 17లో సైట్ల మధ్య దూరం 165 మిల్లీమీటర్లు. 15 మీటర్ల వద్ద తూటా 50 మిల్లీమీటర్లు కిందికి తగిలితే ముందు సైట్‌ను తగ్గించవలసింది 0.55 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు తేడా అంత పని చేస్తుంది. కాబట్టి జతను కలిపే కొనాలి; ఒక తయారీ ముందు సైట్‌నూ మరో తయారీ వెనుక సైట్‌నూ కలపరాదు. గాడిలో బిగించే సైట్‌ను సుత్తితో కొట్టి దించితే లోపలి గాజు చిట్లవచ్చు. మరచుట్టుతో నెమ్మదిగా నెట్టే పరికరం గన్‌స్మిత్‌ల వద్ద ఉంటుంది. అమర్చిన తర్వాత మైదానంలో కాల్చి చూడకుండా తుపాకీని నమ్మరాదు.

గొట్టం పగిలితే ఒక చుక్క ఉన్నట్టుండి ఆరిపోతుంది. కిటికీలు తెరిచి గదినుంచి కొంతసేపు బయటకు వెళ్లడం, పగిలిన భాగాన్ని వట్టి చేతులతో తాకకపోవడం, చేతులు కడుక్కోవడం చాలు. వాయురూపంలోని ట్రిటియాన్ని శరీరం పెద్దగా గ్రహించదు. ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారినప్పుడే అది ఒంటికి పడుతుంది, అదీ సుమారు పది రోజులకు సగం చొప్పున బయటకు పోతుంది. వెలుగుడిగిన పాత సైట్లను చెత్తలో వేయక తయారీదారుకు తిప్పిపంపడం ఉత్తమం.

అమెరికాలో వీటి తయారీకి, దిగుమతికి అణు నియంత్రణ కమిషన్ లైసెన్సు కావాలి. కొని వాడుకునేవారికి అక్కరలేదు. అక్కడి తెలుగువారు గమనించవలసింది తుపాకీ చట్టాన్నే. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. భారతదేశంలో పిస్టల్‌కు 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. రేడియోధార్మిక పదార్థాలు ఉన్న వస్తువుల దిగుమతి అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోని అంశం. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ట్రిటియం సైట్లను సామానులో పెట్టుకుని తెచ్చుకోవచ్చని భావించరాదు.