నంద్యాల కథ, కడప ప్రతి

ఎర్రగుంట్ల అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి నాపరాళ్ళు, సిమెంటు దుమ్ము. అది పుస్తకాల ఊరని ఎవరూ అనరు. అయినా తెలుగు పుస్తకానికి డబ్బు పెట్టినవాళ్ళు ఎవరు, ఎందుకు పెట్టారు అని ఆరా తీసేవాళ్ళు ఆ స్టేషనులో ఒకసారి దిగితే మంచిది. మద్రాసు వైపు వెళ్ళే రైలెక్కితే కడప వస్తుంది, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తాటాకు గ్రంథాలు పోగేసిన ఊరు. 2016లో పూర్తయిన కొత్త లైనులో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోవెలకుంట్ల, బనగానపల్లె దాటితే నంద్యాల, పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని అంకితంగా అందుకున్న కృష్ణరాజు సీమ. ఈ రెండు ఊళ్ళ సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ మధ్య చిన్న ప్రచురణ సంస్థలు అంకె వేసి, రచయిత చేత సంతకం చేయించి అమ్ముతున్న పరిమిత ప్రతుల పుస్తకం గురించి మనకున్న అభిప్రాయం కొంత మారక తప్పదు. అరుదుగా ఉండటమే పుస్తకానికి విలువ అనే మాట ఈ నేల మీద పుట్టింది కాదు. ఇక్కడ పుస్తకానికి డబ్బిచ్చినవాడు ఆ పుస్తకం పది చోట్లకు పాకాలనే ఇచ్చాడు.

ముందు నంద్యాల సంగతి. 16వ శతాబ్ది నడుమ సూరన రాసిన కళాపూర్ణోదయం పురాణంలోంచి తెచ్చుకున్న కథ కాదు, కవి సొంతంగా అల్లింది. అందుకే దాన్ని పద్యాల్లో రాసిన నవల అన్నవాళ్ళున్నారు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చయిన కవిత్వతత్త్వ విచారంలో దాన్ని ముందు పెట్టుకునే తెలుగు సాహిత్య విమర్శకు కొత్త దారి వేశాడు. ఇప్పటి పాఠకులు అర్బన్ ఫాంటసీ అని పిలిచే సరుకంతా అందులో ఉంది. ద్వారక వంటి నగరం, ఆ నగరంలో ఉద్యానవనం, అందులో ఉయ్యాల ఊగే కలభాషిణి అనే వేశ్య, ఆమె తల మీదుగా ఆకాశంలో విమానంలో పోతున్న రంభా నలకూబరులు, పాటలో తుంబురుణ్ణి మించాలని కృష్ణుడి భార్యల దగ్గర సంగీతం నేర్చుకునే నారదుడు. దేవతల గొడవలు నగరం వీధుల్లోకి దిగుతాయి, ఒకరు చెప్పుకునే మాట మరొకరి చెవిన పడుతుంది, ముందు జరిగింది వెనక తెలుస్తుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి 2002లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక బయటి పాఠకులు కూడా ఇది నవలేనా అని తలలు గోక్కున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇంత వింత కథకు ఖర్చు భరించినవాడికి దక్కిందేమిటి? పీఠికలో వంశవర్ణన, ప్రతి ఆశ్వాసం మొదటా చివరా అతన్ని సంబోధిస్తూ పద్యాలు. అంటే కృతిభర్త పేరు పుస్తకం లోపల ఇమిడిపోయింది. ఎవడు ఏ ఊళ్ళో నకలు రాసుకున్నా ఆ పేరు కూడా రాయక తప్పదు. నకళ్ళు పెరిగేకొద్దీ కృష్ణరాజు కీర్తి పెరుగుతుంది, తరిగితే తరుగుతుంది. నాకు అసలు కీలకం ఇక్కడే కనిపిస్తుంది. అంకె వేసిన ప్రతి కొన్నవాడి లెక్క దీనికి సరిగ్గా తలకిందులు: నూరులో పదిహేడోది తన దగ్గరుంటే, ఆ నూరు వెయ్యి అయిన రోజున అతనికి నష్టం. రెండు చోట్లా డబ్బున్నవాడే పుస్తకాన్ని నిలబెడుతున్నాడు, రెండు చోట్లా కొంత ఆడంబరం ఉంది. కానీ ఒకడి ఆడంబరం పుస్తకాన్ని తోసుకుపోతుంది, ఇంకొకడిది అలమరలో ఆపుతుంది.

ఇక కడప. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద ఆ ఊరొచ్చాడు. బందరు, రాజమండ్రి తిరిగి 1826లో మళ్ళీ వచ్చి, తోటతో సహా ఒక బంగళా కొని, పండితులనూ లేఖకులనూ జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. జీతాలు సొంత జేబులోంచి ఇచ్చాడు, అప్పులూ చేశాడు. అతను తాటాకు గ్రంథాలు కొన్న తీరు చూడాలి. ఒక కావ్యం దొరికితే సంబరపడి పెట్టెలో పెట్టలేదు. అదే కావ్యానికి ఇంకో ఊరి ప్రతి, మరో ఊరి ప్రతి తెప్పించి, పాఠాంతరాలు పక్కపక్కన రాయించి, శుద్ధప్రతి తయారు చేయించి, జూలూరి అప్పయ్య వంటి పండితుల చేత వ్యాఖ్యలు రాయించాడు. గంటం పట్టినవాడి చెయ్యి జారుతుంది, పురుగు ఒక ఆకు తినేస్తుంది, పక్క ఊరి పలుకుబడి పద్యంలో దూరుతుంది. కాబట్టి ఒంటరి ప్రతి ఎంత అపురూపమైనా నమ్మదగింది కాదు. నాలుగు ప్రతులుంటేనే ఏది కవి మాటో, ఏది లేఖకుడి పొరపాటో తేలుతుంది. వేమన పద్యాలే సాక్ష్యం: 1829లో బ్రౌన్ అచ్చు వేసినవి 693, పదేళ్ళకు 1839 కూర్పులో 1164. ఇలా చూస్తే అరుదుతనం పుస్తకానికి పట్టిన జబ్బు, దానికి మందు ఇంకో నకలు.

ఇందుకు ఎదురుమాటలు లేకపోలేదు. మనవాళ్ళు మాత్రం దాచుకోలేదా అంటారు. నిజమే, పుస్తకం పరాయి చేతికి పోతే పోయినట్టే అని సామెత చెప్పుకున్న జాతి మనది. నూనె నుంచి, నీళ్ళ నుంచి, వదులైన కట్టు నుంచి, మూర్ఖుడి చేతి నుంచి తనను కాపాడమని పుస్తకమే వేడుకుంటున్నట్టు లేఖకులు చివరి ఆకు మీద రాసేవారు. కులాన్ని బట్టి చదువు తలుపులు మూసిన కాలం కూడా అది, దాన్ని తుడిచేయలేం. అయితే ఆ భయం పుట్టింది కరువులోంచి. కట్ట పోతే మళ్ళీ రాసుకోవడానికి నెలలు పట్టేది. కావాలని నూరు దగ్గర ఆపిన పుస్తకంలో ఉన్నది కరువు కాదు, కరువు వేషం. బ్రౌన్ మీద మాట వేరు: దొర కాబట్టి అడిగితే కాదనలేక ఇచ్చారేమో, ఇచ్చిన గ్రంథాలు చివరికి మద్రాసు చేరాయి కదా అని. దీన్ని పూర్తిగా కొట్టేయలేను. సీమ గ్రంథాలు సీమలో మిగలకపోవడం నష్టమే. కాకపోతే అవి మద్రాసు నుంచి లండను వేలంపాటకు పోలేదు, పండితులు పరిష్కరించి అచ్చుకిచ్చే ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరాయి.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఫాంటసీ నవలిక వంటివాటిని పెద్ద ప్రచురణకర్తలు ముట్టుకోరు. నాలుగు రెట్ల ధర పెట్టి సంతకం ప్రతి కొనే వందమంది లేకపోతే చిన్న సంస్థ మూతపడుతుంది. ఇంగ్లండులో విలియం మోరిస్ 1891లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ పెట్టి, 1896లో చాసర్ కావ్యాలను కాగితం మీద 425 ప్రతులు, తోలు మీద 13 ప్రతులే వేశాడు; అచ్చుపనికి కొత్త అందం నేర్పింది ఆ 438 ప్రతులే. ఒప్పుకుంటాను. అయినా ఈ వాదనలో రెండు వేర్వేరు పనులు ఒకే మూటలో ఉన్నాయి: డబ్బు ముందుగా ఇవ్వడం ఒకటి, ప్రతులు తగ్గించడం ఇంకొకటి. మొదటిది రెండోది లేకుండా నడుస్తుందని 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చూపించింది. కొమర్రాజు లక్ష్మణరావుతో కలిసి దాన్ని నడిపినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలు మనిషి. ఆయన రాసిన అబ్రహాం లింకన్ చరిత్రే మండలి మొదటి పుస్తకం. చందాదారుల బలం మీద, సామాన్యుడు కొనగల ధరకు పుస్తకాలు వేశారు. కృతిభర్త ఒక్కడు మోసిన బరువును చాలామంది పంచుకోవడమే చందా. మరో చమత్కారం: నేటి తెలుగు పుస్తకం మామూలుగానే ఐదు వందలో, వెయ్యో ప్రతులు పడుతుంది. ప్రత్యేకంగా పరిమితం చేయాల్సిన అవసరం ఎక్కడిది?

అందమైన అట్ట, మంచి కాగితం, కుట్టు బైండింగు కోరేవాళ్ళను ఈ చరిత్ర తప్పుపట్టదు. బ్రౌన్ కూడా నకళ్ళను శుభ్రంగా రాయించి బైండు చేయించినవాడే. ఆ బైండులు మళ్ళీ మళ్ళీ విప్పి చూడటానికి చేసినవి. కడపలో అతని బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో లేచిన సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఎర్రగుంట్ల నుంచి రైల్లో గంట దూరం లోపే.