లెక్కల నుంచి మినహాయింపు: ఒక చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, కరువు భత్యం గురించీ పి.ఆర్.సి. బకాయిల గురించీ రాయడానికి నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారని మనవి చేశాను. నేను ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పినవాణ్ణి. నాకు తెలిసిన సంగతే రాస్తాను. చూపులేని పిల్లలకూ, వినికిడి లేని పిల్లలకూ, చదువు మెల్లగా ఎక్కే పిల్లలకూ హైస్కూలులో ఏమి నేర్పాలి అన్న ప్రశ్నకు మన దేశం ఏ కాలంలో ఏమి జవాబు చెప్పిందన్నది ఈ వ్యాస విషయం. మన సభ్యుల ఇళ్ళలో అటువంటి మనవలూ మనవరాళ్ళూ ఉన్నారు కనుక ఇది కేవలం పాత ముచ్చట కాదు.

మన సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కాగితాలలో ‘వికలాంగులు’ అని రాశాము. ఇప్పుడు ‘దివ్యాంగులు’ అంటున్నారు. విద్యాశాఖవారు ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలు’ అంటారు. ఈ చివరి మాటకు ఇంగ్లండులో 1978లో వెలువడిన వార్నాక్ కమిటీ నివేదిక ప్రాచుర్యం తెచ్చింది. బిడ్డలో ఏమి లోపమున్నదని కాదు, ఆ బిడ్డ చదువుకు ఏమి కావాలని అడగాలన్నది ఆ నివేదిక సారాంశం. పేర్లు మారినంత వేగంగా సిలబస్ మారలేదని మాత్రం చెప్పక తప్పదు.

మన దేశంలో బధిరులకు మొదటి పాఠశాల 1885 ప్రాంతంలో బొంబాయిలో వెలసింది. అంధులకు 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ మహిళ బడి పెట్టారు. మన ఆంధ్ర ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ రాజధానిలో పాలయంకోటలో అటువంటి పాఠశాలలు 19వ శతాబ్దం చివరలో మొదలైనాయి. ఈ బడులను దయతో నడిపారు, అందులో సందేహం లేదు. అయితే అక్కడ చదువంటే చాలావరకు కుర్చీలకు పేము అల్లడం, బుట్టలు, నేత, సంగీతం, ప్రార్థనలు. బిడ్డ బిచ్చమెత్తుకోకుండా బతికితే చాలునన్నది ఆనాటి లక్ష్యం. ఆనాటికి అది చిన్న లక్ష్యమేమీ కాదు. కాని హైస్కూలు చదువు అనేది ఆ లెక్కలోనే లేదు.

చూపు లేకపోతే లెక్కలు రావనే నమ్మకం ఎక్కడ పుట్టిందో గాని, దానికి ఆధారం చరిత్రలో కనబడదు. నికొలస్ సాండర్సన్ అనే ఆంగ్లేయుడు ఏడాది వయసులో మశూచి సోకి రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. అతడే 1711లో కేంబ్రిడ్జిలో గణితాచార్యుడైనాడు. అంతకు ముందు న్యూటన్ మహాశయుడు కూర్చున్న పీఠమది. లూయీ బ్రెయిల్ తన చుక్కల లిపిని ప్రకటించింది 1829లో. అంటే బ్రెయిల్ లిపి రావడానికి వందేళ్ళకు పైగా ముందే ఒక అంధుడు బల్లమీద గుండుసూదులు గుచ్చి, వాటిని వేళ్ళతో తడిమి లెక్కలు చేసి, చూపున్నవారికి పాఠం చెప్పాడన్న మాట. మన కాలానికి దగ్గరలో అమెరికాలో అబ్రహాం నెమెత్ ఉన్నాడు. పుట్టు అంధుడు. గణితం వద్దు, మనస్తత్వశాస్త్రం తీసుకొమ్మని పెద్దలు సలహా చెప్పారు. ఆయన ఆ పట్టాలూ తీసుకుని, తరువాత గణితంలోకే వచ్చి, బీజగణితం గుర్తులన్నింటికీ చుక్కలలో ఒక పద్ధతి ఏర్పరచాడు. అది 1952లో అచ్చయింది.

మన దేశంలో తొలుత ఒక్కొక్క చోట ఒక్కొక్క రకం బ్రెయిల్ ఉండేది. 1951లో అన్ని భారతీయ భాషలకూ కలిపి భారతి బ్రెయిల్ స్థిరపడింది. మన ‘క’కూ హిందీ ‘క’కూ అవే చుక్కలు. ఆ సంవత్సరమే డెహ్రాడూన్‌లో కేంద్రీయ బ్రెయిల్ ముద్రణాలయం మొదలైంది. లెక్కలకైతే టేలర్ పలక ఉంది. దీన్ని చూడనివారి కోసం రెండు మాటలు. పలక నిండా ఎనిమిది కోణాల రంధ్రాలుంటాయి. వాటిలో పట్టే చిన్న సీసపు దిమ్మలుంటాయి. దిమ్మకు ఒక చివర గీత, రెండో చివర రెండు మొనలు. దాన్ని ఎనిమిది దిక్కులకు తిప్పి పెట్టవచ్చు. రెండు చివరలూ కలిపి పదహారు గుర్తులు. పది అంకెలూ, కూడిక, తీసివేత, మిగతా గుర్తులూ అందులోనే. బీజగణితానికి వేరే దిమ్మలుంటాయి. ఇంత చవకైన సాధనం ఉండి కూడా ఎన్ని హైస్కూళ్ళ బీరువాలలో అది కనబడేదో మన ఉపాధ్యాయ మిత్రులకు చెప్పనక్కరలేదు.

వికలాంగుల చదువు జాతీయ విద్యావిధానంలో భాగం కావాలని 1944లో సార్జెంట్ నివేదిక అన్నది. 1964-66 కొఠారి కమిషన్ మరింత గట్టిగా అన్నది. ఆచరణ 1974లో మొదలైంది. సమీకృత విద్యా పథకం పేరుతో కేంద్రం మామూలు బడులలో ఈ పిల్లలను చేర్చుకోవడానికి నిధులిచ్చింది. పుస్తకాల భత్యం, రవాణా భత్యం, అంధ విద్యార్థికి చదివి వినిపించేవారికి రీడర్ భత్యం, ఎనిమిది మంది పిల్లలకు ఒక రిసోర్స్ టీచరు. ఈ బిల్లులు రాసినవారు మన సంఘంలో ఇంకా ఉన్నారు. పథకంలో అన్ని భత్యాలూ ఉన్నాయి. పాఠం ఎలా మారాలన్నది మాత్రం ఎవరి బిల్లులోకీ రాలేదు. పాఠ్యపుస్తకం అదే, ప్రశ్నపత్రం అదే. అది పిల్లవాడికి అందకపోతే ఏమి చెయ్యాలి? మినహాయింపు ఇవ్వాలి. వెసులుబాటు అనే ఈ మాట అక్కడ నుంచి స్థిరపడిపోయింది. మన రాష్ట్రంలో పదో తరగతిలో ఈ పిల్లలకు 35కు బదులు 20 మార్కులు వస్తే పాస్ అన్నారు. పరీక్షకు అదనపు సమయం ఇచ్చారు. రాసిపెట్టడానికి తొమ్మిదో తరగతి కుర్రవాణ్ణి కూర్చోబెట్టారు.

ఈ రాసిపెట్టే పద్ధతి గురించి పరీక్షల డ్యూటీలు చేసినవాడిగా ఒక మాట. సాంఘికశాస్త్రం జవాబు చెప్పి రాయించడం సులువే. లెక్కల పేపరు దగ్గర చూడాలి తమాషా. పదో తరగతి అబ్బాయి నోటితో సమీకరణం చెబుతుంటే, ఆ పాఠం ఇంకా చదవని తొమ్మిదో తరగతి పిల్లవాడు బ్రాకెట్టు ఎక్కడ మూయాలో తెలియక నావంక చూసేవాడు. నేను నోరు విప్పితే మాల్ ప్రాక్టీసు. పోయిన మార్కులు ఎవరివి?

1980లలో మా హైస్కూలుకు ఎనిమిదో తరగతిలో ఒక అంధ బాలుడు వచ్చాడు. జ్ఞాపకశక్తి అమోఘం. రేఖాగణితం కోసం దర్జీలు వాడే పళ్ళ చక్రంతో మందమైన అట్టమీద బొమ్మలు గీసేవాళ్ళం. గీత అట్టకు వెనుకవైపు లేస్తుంది. కనుక త్రిభుజాన్ని అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా గీయాలి. అది అలవాటయ్యేసరికి నాకు ఒక టర్మ్ పట్టింది, అతనికి ఒక వారం పట్టలేదు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి మాత్రం, ‘వీడికి ఈ అవస్థ ఎందుకు మాస్టారూ, 20 మార్కులు వస్తే చాలుగా’ అని వెళ్ళిపోయారు. అబ్బాయి తండ్రి కూడా, ‘పాసైతే చాలు సార్, మీరు ఇబ్బంది పడకండి’ అనేవారు. అబ్బాయికి 20 కాదు, 61 వచ్చాయి. కాలేజీకి వెళ్తే ఎం.పి.సి.లో చేర్చుకోమన్నారు. హెచ్.ఇ.సి.లో చేరాడు. బాగానే చదివాడు, ఉద్యోగమూ వచ్చింది. కాని త్రికోణమితి అతనికి పనికిరాదని ఏ నిబంధన కింద నిర్ణయించారో ఆ కాలేజీవారు కాగితం మీద ఇవ్వలేదు.

ఆశ్చర్యమేమిటంటే ఆ తరువాత ఇటువంటి ఆలోచన చట్టంలోకే ఎక్కింది. 1995లో పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులోకి వచ్చింది. మన దేశానికి అది మొదటి సమగ్ర చట్టం. ఉద్యోగాలలో మూడు శాతం రిజర్వేషన్ ఇచ్చింది ఆ చట్టమే. ఆ చట్టంలోనే 30వ సెక్షనులో ఒక క్లాజు ఉంది. అంధ విద్యార్థుల కోసం కేవలం గణితానికి చెందిన ప్రశ్నలను తొలగించేలా పరీక్షా విధానాన్ని సవరించాలన్నది దాని భావం. దురుద్దేశంతో రాసినది కాదు. పరీక్షలో ఫెయిల్ కాకుండా కాపాడాలనుకున్నారు. అయితే బ్యాంకు పరీక్షలో అంకగణితం ఉంటుంది, సర్వీస్ కమిషన్ పరీక్షలో ఉంటుంది. ఒక సెక్షను ఉద్యోగానికి తలుపు తీస్తే, మరొక సెక్షను ఆ గుమ్మం ఎక్కే మెట్టు తీసేసింది. ఫైళ్ళు నడిపినవారికి ఇటువంటివి కొత్త కాదు.

ఈ తలుపు తట్టినవాడు మన తెలుగు కుర్రవాడే. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో అంధుడు. పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్‌లో సైన్సు, గణితం చదువుతానన్నాడు. అంధులకు ఆర్ట్సు తప్ప వీల్లేదన్నారు. అతడు కోర్టుకు వెళ్ళి గెలిచాడు. పాఠ్యపుస్తకాలను ఒక ఉపాధ్యాయురాలు చదివి రికార్డు చేసి ఇస్తే, వాటిని విని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఐ.ఐ.టి. కోచింగు ఇచ్చేవారు చేర్చుకోలేదట. 2009లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో సీటు సంపాదించాడు. తిరిగి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. 2024లో అతని కథ హిందీ సినిమాగా వచ్చింది. సినిమా సంగతి ఎలా ఉన్నా, నాకు ముఖ్యమైనది ఆ కోర్టు గెలుపు. ఏ సబ్జెక్టు చదవాలో తేల్చుకోవడానికి ఒక పిల్లవాడు వకీలును పెట్టుకోవలసి వచ్చింది.

2016 చట్టంలో ఆ గణితం క్లాజు లేదు. 17వ సెక్షనులో అదనపు సమయం, రాసిపెట్టేవారు, రెండవ మూడవ భాషల నుంచి మినహాయింపు అని మాత్రమే ఉంది. లెక్కల ప్రసక్తి ఎత్తలేదు. ఈ మార్పు గురించి పత్రికలలో పెద్దగా రాలేదు గాని, నా దృష్టిలో రిజర్వేషన్ నాలుగు శాతానికి పెరిగినదానికంటే ఇదే పెద్దది. 7 రకాల వైకల్యాలను 21 చేసిందీ ఈ చట్టమే. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఇందులో చేరాయి. 18 ఏళ్ళ వరకు పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. మనవల కోసం అడగవలసినవారు మొహమాటపడకుండా అడగండి.

భాషల మినహాయింపును మాత్రం నేను తప్పు పట్టను. చెవి వినని బిడ్డకు ఇంట్లో మాట్లాడే తెలుగే చెవి ద్వారా అందదు. అటువంటి బిడ్డను తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ రాయమనడం అన్యాయం. 1995 చట్టమే ఒక భాష చాలన్నది. ఇక్కడ చిక్కు వేరు. ఆ పిల్లలకు సహజంగా వచ్చే భాష చేతి సైగల భాష. 1880లో ఇటలీలోని మిలాన్‌లో సమావేశమైన బధిర విద్యావేత్తలు పెదవులు చూసి మాట నేర్వడమే మేలని తీర్మానించారు. ఆ సభలో ఓటు వేసినవారు దాదాపు అందరూ వినికిడి ఉన్నవారే. ఆ తీర్మానం నీడ వందేళ్ళకు పైగా ప్రపంచమంతా పడింది. బడిలో సైగ చేస్తే చేతులు వెనక్కి కట్టుకోమనేవారు. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషకు ప్రత్యేక సంస్థ ఢిల్లీలో 2015లో ఏర్పడింది. పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి తేవడానికి 2020 అక్టోబరులో ఎన్.సి.ఇ.ఆర్.టి.తో ఒప్పందం కుదిరింది. 2021లో ఆ భాషను సెకండరీ స్థాయిలో ఒక భాషా సబ్జెక్టుగా గుర్తించారు. మూడు భాషలు వద్దన్న పిల్లలకు తమదైన భాష ఒకటి మార్కుల జాబితాలోకి ఎక్కడానికి అంత కాలం పట్టింది.

మేధో వైకల్యం గల పిల్లల విషయంలో మన సికింద్రాబాదు దారి చూపింది. 1984లో అక్కడ స్థాపించిన జాతీయ సంస్థ, పదో తరగతి సిలబస్‌ను పలచన చేయడానికి బదులు వేరే ప్రశ్న వేసుకుంది. డబ్బు లెక్కపెట్టడం, గడియారం చూడడం, బస్సు నంబరు గుర్తుపట్టడం, దుకాణంలో చిల్లర తీసుకోవడం, ఇవి పాఠ్యాంశాలైనాయి. ఇదీ లెక్కలే. పది రూపాయలిచ్చి మూడు రూపాయల వస్తువు కొని, ఏడు తిరిగి తీసుకున్న పిల్లకు తీసివేత వచ్చినట్టే. 1989లో వచ్చిన జాతీయ ఓపెన్ స్కూలు మరో మార్గం తెరిచింది. సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, ఒకటొకటిగా ఐదేళ్ళలో పూర్తి చేయవచ్చు. మెల్లగా నడిచేవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు.

ఇక మిగిలింది చెప్పేవారి సంగతి. సిలబస్ ఎంత మార్చినా, చుక్కలు చదవగల, సైగ చేయగల ఉపాధ్యాయుడు లేకపోతే అది జీ.వో. నంబరుగానే ఉంటుంది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతులలో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. 1974 పథకంలో ఎనిమిది మందికి ఒకరు అన్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2025 మార్చిలో అదే కోర్టు, మంజూరు చేసిన పోస్టులెన్నో నోటిఫై చేయమని రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది.