కామాటిపురా పేరు వెనుక మనవాళ్ళు

కామాటిపురా అనగానే మనలో చాలామందికి ఒకటే విషయం గుర్తొస్తుంది. సినిమాల పుణ్యమా అని ఆ పేరు అలా స్థిరపడిపోయింది. కానీ ఆ పేటకి ఆ పేరొచ్చింది ఇళ్ళు కట్టే కూలీల వల్ల. నిజాం రాజ్యం నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన తెలుగు కూలీలను బొంబాయిలో కామాటీలు అనేవారు.

అసలు బొంబాయి అంటే ఏడు దీవులు. 1784 ప్రాంతంలో వర్లీ దగ్గర సముద్రానికి కట్ట వేశాక, మధ్యలో నీళ్ళు నిలిచే పల్లపు నేల తేలింది. మనవాళ్ళు గుడిసెలు వేసుకున్నది అలాంటి పల్లంలోనే. ఊళ్ళో మెరక డబ్బున్నవాడిది, పల్లం కూలివాడిది. ఇప్పటికీ అంతే కదా!

1850లలో బట్టల మిల్లులు మొదలయ్యాయి. మిల్లుకి మనుషులు కావాలి, వాళ్ళెక్కడ పడుకుంటారన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. ఒక్క గదిలో ఏడెనిమిది మంది. 1896లో ప్లేగు వచ్చింది, జనం లక్షల్లో ఊరొదిలి పారిపోయారు, మిల్లులకి కూలీలు కరువయ్యారు. అప్పుడు మేలుకున్నారు దొరలు. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి, ఇరుకు వాడలు కూల్చి వెడల్పాటి రోడ్లు వేశారు. కానీ కూల్చినన్ని ఇళ్ళు కట్టలేదు. ఇల్లు పోయినవాడు పక్క వాడకి వెళ్ళి అక్కడ ఇరుకు పెంచాడు. మన భాషలో చెప్పాలంటే బగ్ ఫిక్స్ అవలేదు, ఇంకో మాడ్యూల్‌కి మారిందంతే.

స్వతంత్రం వచ్చాక మారిందా? 1981లో మహారాష్ట్ర ప్రభుత్వం ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళని ఖాళీ చేయించి సొంత ఊళ్ళకి పంపేస్తానంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జీవించే హక్కులో బతుకుతెరువు హక్కు కూడా ఉందని 1985లో కోర్టు తీర్పు చెప్పింది. గొప్ప మాటే. అయితే అదే తీర్పులో, ముందుగా నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చని కూడా ఉంది! బతికే హక్కుంది గానీ ఉండే చోటు లేదన్నమాట.

"వీళ్ళంతా వచ్చి సిటీని పాడు చేశారు" అని మనమూ అంటుంటాం, ఏసీ బస్సులో కూర్చుని. మనమూ వలస వచ్చినవాళ్ళమే. తేడా ఏంటంటే మన చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, అద్దె కట్టే జీతం ఉంది. మన ఆఫీసులు కట్టిన మేస్త్రీలూ కూలీలూ ఆ పక్కనే రేకుల షెడ్లలో ఉంటారు. బిల్డింగ్ పూర్తవగానే షెడ్డు పీకేస్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే పిల్లల్ని చంకనేసుకుని వందల కిలోమీటర్లు నడిచింది ఇలాంటివాళ్ళే.

నా ఉద్దేశంలో కూలివాడి గది అనేది దానధర్మం కాదు, కట్టే బిల్డింగ్ ఖర్చులో భాగం. సిమెంటుకి లెక్కేసినట్టే దానికీ ప్లాన్‌లోనే లెక్క వెయ్యాలి. ఆ లెక్క వెయ్యని ఊరు ఏమవుతుందో చూడాలంటే బొంబాయి రెండొందల ఏళ్ళ చరిత్ర చాలు.