మధ్యధరా వాతావరణానికి అనువైన అలంకరణ మొక్కలు

వేసవి వేడిగా, పొడిగా ఉండి, వానలు ప్రధానంగా శీతాకాలంలో కురిసే వాతావరణాన్ని మధ్యధరా వాతావరణము అంటారు. మధ్యధరా సముద్ర తీర దేశాలు, అమెరికాలోని కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతము, ఆస్ట్రేలియా యొక్క నైరుతి, దక్షిణ భాగాలలో ఈ వాతావరణం కలదు. ఇక్కడి తోటలకు మొక్కల ఎంపికలో రంగు, పరిమాణాలకంటే వేసవి కరవును తట్టుకొనే శక్తి ముఖ్యమైనది. కేప్‌టౌన్‌లో 2018 నీటి ఎద్దడి కాలంలో మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి విధించి, నగరపాలక సంస్థ నీటిని తోటలకు వాడుటను నిషేధించారు.

వాతావరణ ప్రభావము

తెలుగు ప్రాంతాలలో వానలు ముఖ్యంగా జూన్ తరువాత, వేడి ఇంకా ఉండగానే వస్తాయి. మధ్యధరా ప్రాంతాలలో ఇందుకు విరుద్ధము. ఏథెన్స్ నగరంలో ఏటా సుమారు 400 మి.మీ. వర్షపాతం నమోదు కాగా, అందులో అధికభాగం అక్టోబరు-మార్చి నెలల మధ్యనే పడుతుంది. అందువలన అక్కడి స్థానిక మొక్కలు అనేకం చలికాలంలోను, వసంతంలోను పెరిగి, వేసవిలో దాదాపు నిద్రాణస్థితిలో ఉంటాయి. ఎండకు వాడిన ఆకులను చూసి జాలిపడి రోజూ నీరు పోస్తే కొన్ని చనిపోతాయి. వెచ్చని తడి నేలలో ఫైటోఫ్తోరా వంటి తెగుళ్ళు వేళ్ళను కుళ్ళింపజేయుటే ఇందుకు కారణము. కాలిఫోర్నియాకు చెందిన ఫ్రెమాంటోడెండ్రాన్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. కోస్తా ఆంధ్ర తేమలో లావెండర్ నిలదొక్కుకొనలేకపోవుటకు కూడా ఇదే కొంత కారణము.

ఎంపిక

ఆకును చూసి మొక్క స్వభావాన్ని కొంతవరకు గుర్తించవచ్చును. లావెండర్ ఆకులపై బూడిదరంగు నూగు ఎండను పరావర్తనం చేస్తుంది. రోజ్‌మేరీ ఆకుల అంచులు లోపలికి ముడుచుకొని నీటి ఆవిరిని తగ్గిస్తాయి. ఆలివ్ ఆకులు తోలువలె దళసరిగా ఉంటాయి. సిస్టస్, సియనోథస్, కేప్ ప్రాంతపు పెలర్గోనియం, అగపాంథస్‌లు కూడా విరివిగా పెంచబడుతున్నాయి. ప్రోటియా, బ్యాంక్సియాలకు భాస్వరం ఎక్కువగా ఉన్న ఎరువులు హాని చేస్తాయి. మనకు సుపరిచితమైన గన్నేరు కూడా మధ్యధరా ప్రాంతపు వాగుల ఒడ్డున సహజంగా పెరిగేదే; అయితే దీని అన్ని భాగాలు విషపూరితాలు కనుక పిల్లలు, పశువులు తిరిగే చోట నాటరాదు.

నాటుట

శరదృతువులో తొలి వానలకు నాటిన మొక్క వేసవిలోగా లోతుగా వేళ్ళు దింపుతుంది. వసంతంలో నాటినదానికి ఆ వ్యవధి ఉండదు. చిన్న మొక్కలే త్వరగా కుదురుకుంటాయి, చవక కూడా. మొదటి వేసవిలో మాత్రం ఎడం ఇచ్చి, నేల లోతుగా తడిసేలా నీరు పెట్టాలి.

జాగ్రత్తలు

ఒక మధ్యధరా ప్రాంతంలో బాగా పెరిగే మొక్క మరొకచోట కలుపుగా మారవచ్చును. దక్షిణ అమెరికాకు చెందిన పంపాస్ గడ్డి, దక్షిణాఫ్రికాకు చెందిన కార్పోబ్రోటస్ కాలిఫోర్నియా తీరంలో స్థానిక మొక్కలను అణచివేశాయి. ఇటలీలోని పులియాలో 2013లో ఆలివ్ చెట్లలో గుర్తించబడిన జైలెల్లా బాక్టీరియా గన్నేరు, లావెండర్‌లకు కూడా సోకుతుంది. కావున మొక్కలను ఒక దేశం నుండి మరొక దేశానికి సొంతంగా తీసుకొనిపోరాదు.